కాగితాన్ని నమ్మిన రచయిత్రి: మారియెత్తా షగిన్యాన్
(అరరాత్ దాటిన వాళ్లు – 9వ భాగం)

కిందటి భాగాన్ని మికాయెల్ నల్బంద్యాన్ మరణంతో ఆపాం. దక్షిణ రష్యాలో దోన్ నది ఒడ్డున నోర్ నఖిచెవాన్ అనే అర్మేనియన్ పట్నం ఉండేదనీ, ఇండియాలో స్థిరపడ్డ అర్మేనియన్ ధనికులు ఆ పట్నానికి రాసిచ్చిన ఆస్తిని రాబట్టడానికే నల్బంద్యాన్ 1860లో కలకత్తాకు బయల్దేరాడనీ చెప్పుకున్నాం. మచిలీపట్నంలో వ్యాపారం చేసి, మద్రాసులో తమ పేరిట ఒక వీధిని మిగిల్చి వెళ్లిన జాతి కాబట్టి వాళ్ల కథ మనకు మరీ పరాయిదిగా అనిపించదు. ఈ వారం అదే నఖిచెవాన్‌లో ఎదిగిన ఒక రచయిత్రి సంగతి చూద్దాం.

ఆమె పేరు మారియెత్తా సెర్గేయెవ్నా షగిన్యాన్. మూడో అలెగ్జాండర్ జారుగా ఉన్న 1888లో పుట్టి, బ్రెజ్నేవ్ ఏలుబడిలో 1982లో పోయింది. ప్రేమ కవిత్వం రాసింది, డిటెక్టివ్ నవల రాసింది, జలవిద్యుత్ కేంద్రం కడుతున్న చోట కాపురం పెట్టి దాని మీద నవల రాసింది. గొయ్‌థే మీద, ఉక్రెయిన్ కవి షెవ్‌చెంకో మీద పరిశోధన చేసింది. మరుగున పడిపోయిన చెక్ స్వరకర్త మిస్లివెచెక్ జీవితం రాసింది. లెనిన్ కుటుంబం మీద నాలుగు పుస్తకాలు రాసింది. అన్నీ రష్యన్‌లోనే. స్టాలిన్ బహుమతి, లెనిన్ బహుమతి, సోషలిస్టు శ్రమ వీర బిరుదు, ఇలా సోవియట్ రాజ్యం ఒక రచయితకు ఇవ్వగలిగినవన్నీ ఇచ్చింది. అదే రాజ్యం ఆమె పుస్తకం ఒకదాన్ని పద్దెనిమిదేళ్లు తాళం వేసి దాచింది. పోనీ అది రాజ్యాన్ని తిడుతూ రాసిన పుస్తకమా అంటే కాదు. లెనిన్ మీద భక్తితో రాసింది. భక్తితో రాసిన పుస్తకం నేరం ఎలా అయిందో చెప్పాలంటే ముందు ఆ మనిషి తీరు ఎలాంటిదో చూడాలి.

మారియెత్తా పుట్టింది మాస్కోలో. తండ్రి డాక్టరు, మాస్కో విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెప్పేవాడు. 1902లో ఆయన చనిపోయేనాటికి ఆమెకు 14 ఏళ్లు, ఆమె వెనక ఒక చెల్లెలు. చేతిలో డబ్బు లేక తల్లి పిల్లలిద్దరినీ తీసుకుని నఖిచెవాన్‌లోని బంధువుల పంచన చేరింది. క్రిమియా నుంచి తరలించిన అర్మేనియన్లకు రెండో కేథరిన్ 1779లో ఇచ్చిన నేల అది. పక్కనే రోస్తోవ్ నగరం పెరిగి పెరిగి చివరికి 1928లో ఈ పట్నాన్ని తనలో కలిపేసుకుంది. అర్మేనియా చిత్రకళకు పెద్దదిక్కయిన మార్తిరోస్ సర్యాన్ కూడా ఈ ఊరివాడే.

పేదరికం కంటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది చెవుడు. చిన్నతనంలోనే మొదలై ఏటేటా ముదిరింది. చూపు కూడా అంతంత మాత్రమే. ఎదుటివాళ్లు ఏమంటున్నారో సరిగ్గా అందని పిల్ల పుస్తకాలకు, ఉత్తరాలకు, రాతకోతలకు అతుక్కుపోవడంలో వింతేమీ లేదు. నోటిమాట జారిపోతుంది, రాసిన మాట నిలబడుతుంది. ఈ నమ్మకం ఆమెకు అప్పుడే పడిందని నా ఊహ. 15 ఏళ్లకే ఆమె రాతలు పత్రికల్లో అచ్చయ్యాయి. 1908లో మాస్కో మహిళా ఉన్నత విద్యాలయంలో చరిత్ర, తత్వశాస్త్రం చదవడానికి చేరింది. మరుసటి ఏడాది తొలి కవితా సంపుటి వచ్చింది.

ఆ రోజుల్లో రష్యన్ కవిత్వాన్ని ప్రతీకవాదులు ఏలుతున్నారు. వాళ్లలో జినయీదా గిప్పియస్ అంటే మారియెత్తాకు ప్రాణం. ఆమె కోసం మాస్కో వదిలి పీటర్స్‌బర్గ్ వెళ్లింది, ఆమె కవిత్వం మీద పుస్తకం రాసింది, తర్వాత విడిపోయింది. మనుషుల్ని పట్టుకుంటే పూర్తిగా పట్టుకోవడం, వదిలితే పూర్తిగా వదలడం ఆమె స్వభావం. 1913లో వచ్చిన రెండో సంపుటి 'ఓరియెంతాలియా' ఆమెకు పేరు తెచ్చింది. తనలోని తూర్పు రక్తాన్ని దాచుకోకుండా, శరీరాన్ని గురించి ధైర్యంగా మాట్లాడిన పద్యాలవి. మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. ఆమె అప్పటికే రోస్తోవ్ పత్రికలో సమీక్షలు రాసేది. 1911లో పేరు లేని ఒక కొత్త పిల్ల తొలి పుస్తకాన్ని గుర్తుపట్టి మెచ్చుకుంది. ఆ పిల్ల మరీనా త్స్వెతాయెవా.

ఇక ఉత్తరాల సంగతి. 1912 ఫిబ్రవరిలో స్వరకర్త, పియానో విద్వాంసుడు సెర్గేయ్ రఖ్మానినోవ్‌కు ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాళ్లు పేరు పెట్టలేదు. కింద 'రే' అని మాత్రం ఉంది. పాశ్చాత్య సంగీతంలో రెండో స్వరం అది, మన 'రి' లాంటిది. అప్పటికే రఖ్మానినోవ్ పియానో వినడానికి హాళ్లు నిండిపోయేవి, కానీ మాస్కో మేధావులకు ఆయన మీద చులకన భావం ఉండేది. కొత్త పోకడల స్వరకర్త స్క్రియాబిన్ ముందు ఈయన పాతకాలపు వాడని అనేవారు. ఆయనకూ తన మీద తనకు నమ్మకం తక్కువే. ఆ సమయంలో ఈ 'రే' ఎవరో ఆయన సంగీతం విలువేమిటో విడమరిచి రాసింది. ఆయన జవాబిచ్చాడు. నెల తిరక్కుండానే ఆమెను ఒక సాయం అడిగాడు: పాటలు కట్టడానికి పద్యాలు కావాలి, మీరే ఏరి పెట్టండి. ఉల్లాసంగా ఉన్నవాటి కంటే దిగులుగా ఉన్నవే నయం, వెలుగు రంగులు తనకు అంత సులువుగా రావని కూడా ఆ ఉత్తరంలో చెప్పుకున్నాడు.

అప్పటికి మారియెత్తాకు ఇంకా 24 ఏళ్లు నిండలేదు. కవుల సంపుటాలన్నీ ముందేసుకుని ఆయన స్వరానికి నప్పే పద్యాలు ఏరి పంపింది. 1912 నాటి 34వ ఓపస్ పాటల్లో చాలావాటికి మాటలు ఆమె ఏరినవే. అందులో మొదటి పాట పుష్కిన్ రాసిన 'కళాదేవి', దాన్ని రఖ్మానినోవ్ 'రే'కే అంకితమిచ్చాడు. 1916లో ఆయన కట్టిన ఆరు పాటల 38వ ఓపస్ ఇంకా గొప్పది. ప్రతీకవాద కవులంటే దూరంగా ఉండే ఆయనతో బ్లోక్‌ను, బేలీని, బాల్మొంత్‌ను పాడించింది ఈ అమ్మాయే. ఆ ఆరింటిలో మొదటిది అవేతిక్ ఇసహాక్యాన్ అనే అర్మేనియన్ కవి పద్యం, బ్లోక్ రష్యన్‌లోకి తెచ్చింది. ఒక అర్మేనియన్ తోటలోని చెట్టు రఖ్మానినోవ్ పియానోలో వినిపిస్తున్నదంటే దానికి కారణం సరిగ్గా వినపడని ఒక నఖిచెవాన్ అమ్మాయి. వీలైతే ఆ పాట ఒకసారి వినండి, రెండు నిమిషాల పాట.

1917 వేసవిలో వాళ్లిద్దరూ చివరిసారి కలుసుకున్నారు. ఆ ఏడాది చివర్లో ఆయన రష్యా విడిచి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆయన రాసిన ఉత్తరాలన్నీ ఆమె దాచింది. విప్లవం, అంతర్యుద్ధం, ఆకలి, ఊళ్లు మారడం, స్టాలిన్ కాలం, ఇన్నింటిని దాటించి 1943లో ఆయన పోయాక వాటిని అచ్చు వేయించింది. రఖ్మానినోవ్ తన లోపలి భయాల్ని అంత విప్పి చెప్పుకున్న ఉత్తరాలు మరి కొన్నే ఉంటాయి.

మళ్లీ కాస్త వెనక్కి వెళ్దాం. మొదటి ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చేనాటికి, అంటే 1914లో, ఆమె తత్వశాస్త్రం కోసం జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఉంది. అక్కణ్నుంచి గొయ్‌థే ఊరు వైమార్‌కు నడిచి వెళ్లింది. రైలు లేక కాదు, గొయ్‌థే తిరిగిన నేలను కాలినడకనే తెలుసుకోవాలని. ఆ ప్రయాణం తర్వాత పుస్తకమైంది. యుద్ధం మొదలయ్యాక తిరిగొచ్చి రోస్తోవ్‌లో సంగీత విద్యాలయంలో కళాచరిత్ర పాఠాలు చెప్పింది. 1917లో యాకొవ్ హచత్ర్యాన్త్స్ అనే అర్మేనియన్ భాషావేత్తను పెళ్లి చేసుకుంది. 1918లో కూతురు మిరెల్ పుట్టింది, ఆ అమ్మాయి పెద్దయి చిత్రకారిణి అయింది. దోన్ ప్రాంతంలో విప్లవ వ్యతిరేక 'తెల్ల' సైన్యాలు, బోల్షివిక్ 'ఎర్ర' సైన్యాలు మార్చి మార్చి ఊళ్లు పట్టుకున్న ఆ రోజుల్ని 'మార్పు' అనే నవలలో పెట్టింది. ఆమె విప్లవం వైపు నిలబడింది. ఆమెను నడిపిన గిప్పియస్ బోల్షివిక్కుల్ని శపిస్తూ దేశం వదిలిపోయింది.

1920లో ఆమె పెత్రోగ్రాద్ చేరింది. నెవ్‌స్కీ, మోయ్కా కలిసే మూలన ఒక వ్యాపారి పాత భవనాన్ని 'కళల ఇల్లు' పేరుతో రచయితలకు ఇచ్చారు. మందెల్‌ష్తామ్, గ్రీన్, హొదసేవిచ్ అందరూ అక్కడే ఆకలితో, చలితో కాలం గడిపారు. ఆమె అక్కడుంటూనే పత్రికలకు వార్తలు రాసింది. అంతకుముందు దోన్ ప్రాంతంలో నేతపనివాళ్ల బడి నడిపింది. నూలు వడకడం, మగ్గం నడపడం కూడా తెలుసుకోవలసిన విద్యలే అనేది ఆమె పట్టుదల. ఈ పట్టుదలే తర్వాతి పుస్తకానికి ప్రాణం పోసింది.

విప్లవానికి ముందు రష్యాలో నాట్ పింకర్టన్ అనే అమెరికన్ డిటెక్టివ్ కథలు వారం వారం చిన్న పుస్తకాలుగా కొన్ని కొపెక్కులకే అమ్ముడుపోయేవి. మన బస్టాండు బడ్డీల్లో దారానికి వేలాడిన డిటెక్టివ్ నవలల్లాంటివే. కుర్రాళ్లు వాటికోసం ఎగబడతారు, పార్టీ సాహిత్యం ముట్టుకోరు, మనకూ ఒక 'ఎర్ర పింకర్టన్' కావాలి అని బోల్షివిక్ నాయకుడు బుఖారిన్ పిలుపునిచ్చాడు. 1924లో ప్రభుత్వ ప్రచురణ సంస్థ నుంచి 'మెస్-మెండ్, లేదా పెత్రోగ్రాద్‌లో యాంకీ' మొదటి భాగం వచ్చింది. రచయిత జిమ్ డాలర్. ఎవరో అమెరికన్ కార్మికుడు రాశాడని, అతని కష్టాల జీవితకథ కూడా జతచేసి నమ్మించారు. అట్టలమీద అలెగ్జాందర్ రోద్చెంకో ఫోటోలు కత్తిరించి అతికించి చేసిన బొమ్మలు. మొత్తం పది భాగాలు. జిమ్ డాలర్ ఎవరో కాదు, అమెరికా చూడని మారియెత్తా షగిన్యాన్.

కథ మహా జోరుగా సాగుతుంది. అమెరికాలో జాక్ క్రెస్లింగ్ అనే కోటీశ్వరుడు సోవియట్ నాయకుల్ని ఒక్క దెబ్బతో చంపాలని కుట్ర పన్నుతాడు. తన తండ్రిని బోల్షివిక్కులే చంపారని నమ్మిన ఆర్థర్ రాక్‌ఫెల్లర్ అనే కుర్రాడు కమ్యూనిస్టు వేషంలో రష్యా వెళ్తాడు. వీళ్లందరికీ అడ్డుపడేది మిక్ తింగ్స్‌మాస్టర్ అనే వడ్రంగి, అతని రహస్య కార్మిక సంఘం. ఆ సంఘం బలమంతా ఒక చమత్కారంలో ఉంది. తాళాలు, తలుపులు, అద్దాలు, గోడలు, బీరువాలు చేసేది కార్మికులే కదా. వాళ్లు తాము చేసిన ప్రతి వస్తువులో ఒక చిన్న గుర్తు దాస్తారు. ఆ గుర్తు తెలిసినవాడు తాకితే తాళం ఊడుతుంది, గోడ దారి ఇస్తుంది. ధనవంతుడి ఇంట్లో ప్రతి సామాను ధనవంతుడిది కాక, చేసినవాడిదే. మార్క్సు సిద్ధాంతాన్ని పిల్లలు నోరు తెరుచుకుని వినే కథగా మార్చిన ఈ ఊహకు నేను ఇప్పటికీ దండం పెడతాను. ఇది ఏ పార్టీ పాఠశాలలోనూ తయారయ్యేది కాదు. మగ్గం దగ్గర నిలబడి దారం ఎలా నడుస్తుందో చూసినవాళ్లకే తట్టేది.

పుస్తకం విరగబడి అమ్ముడుపోయింది, జర్మన్‌లోకి వెళ్లింది. 1926లో బర్నెత్, ఒత్సెప్ దాన్ని ఆధారం చేసుకుని, కథను బాగా మార్చి, మూడు భాగాల మూకీ సినిమా తీశారు. కానీ కాలం మారిపోతున్నది. ఇలాంటి సరదా సాహసాలు కార్మికవర్గానికి పనికిరావనే విమర్శకుల గొంతు పెరిగింది. 'మెస్-మెండ్'కు ఆమె రాసిన రెండు కొనసాగింపులూ మొదటిదాని ముందు నిలబడలేదు.

ఆమె మళ్లీ నడక పట్టింది, ఈసారి అర్మేనియాకు. లోరి లోయలో ద్జొరాగెత్ జలవిద్యుత్ కేంద్రం కడుతున్నారు. 1920ల చివర్లో ఆమె ఆ పని దగ్గరికే వెళ్లి, కూలీల, ఇంజనీర్ల మధ్య కాపురం పెట్టి, లెక్కల పుస్తకాలు, పటాలు, ఆఫీసు ఫైళ్లు అన్నీ తిరగేసింది. 1930–31లో వచ్చిన 'హైడ్రోసెంట్రల్' నవల దాని ఫలితం. వరదలో కొట్టుకుపోయే వంతెన, తప్పు ఎవరిదో తేలని ఫైళ్లు, ఆ ఫైళ్ల గుట్టలోంచి నిజం లాగే అర్నో అరెవ్యాన్ అనే ఎర్రజుట్టు మనిషి. పారిశ్రామిక నవలల్లో చాలావాటి కంటే ఇది మెరుగని నా అభిప్రాయం. అయినా ఈ రోజు చదవడానికి ఓపిక కావాలి, సాంకేతిక వివరాల బరువు కథను అక్కడక్కడ తొక్కేస్తుంది. విద్యుత్ కేంద్రం 1932లో పనిచేయడం మొదలుపెట్టింది. నలభై దాటాక ఆమె మళ్లీ విద్యార్థినిగా మారి ప్రణాళికా అకాడమీలో చేరింది. రాసే విషయం తెలియకుండా రాయడం ఆమె దృష్టిలో దొంగతనంతో సమానం.

1936లో ఒక తప్పటడుగు వేసింది. రచయితల సంఘం వల్ల ఉపయోగం లేదంటూ దాని నుంచి తప్పుకుంటానని రాసింది. పార్టీ పత్రిక 'ప్రావ్దా' ఆమె మీద విరుచుకుపడింది, ఆమె వెనక్కి తగ్గింది. అప్పటి ప్రమాదం ఎంతటిదో మరో విధంగా చెప్తాను. మరుసటి ఏడాది, 1937లో, యెరెవాన్‌లో అర్మేనియా గొప్ప కవి యెఘిషే చరెన్త్స్ జైల్లో చనిపోయాడు, గొప్ప కథకుడు అక్సెల్ బకున్త్స్‌ను కాల్చి చంపారు. మారియెత్తాకు ఇదంతా తెలుసు. ఇలాంటి సమయంలోనే ఆమె చేతిలో లెనిన్ కుటుంబం మీద నవల ఉంది.

అందరిలా లెనిన్ బొమ్మకు దండ వేసి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. లెనిన్ తండ్రి ఇల్యా ఉల్యానొవ్ పుట్టిన ఆస్ట్రాఖాన్ వెళ్లింది. ఆయన బడి తనిఖీ అధికారిగా పనిచేసిన సింబిర్స్క్ వెళ్లింది. చర్చి రిజిస్టర్లు, పన్ను జాబితాలు, బడి రికార్డులు చూసింది. లెనిన్ భార్య క్రుప్‌స్కయా, తమ్ముడు ద్మీత్రి ప్రతిని చదివి సాయం చేశారు. నవల మొదటి భాగం 'చరిత్ర ప్రశ్న' 1938లో 'క్రాస్నయా నోవ్' పత్రికలో వచ్చింది. నీజ్నీ నోవ్‌గొరద్ జిల్లా నుంచి వచ్చి ఆస్ట్రాఖాన్‌లో దర్జీగా స్థిరపడ్డ ఒక మాజీ దాసుడు లెనిన్ తాత. ఆ తండ్రి వైపు వంశంలో కల్మిక్ రక్తం ఉంది. వోల్గా దిగువన మైదానాల్లో పశువులు మేపుకునే బౌద్ధ జాతి కల్మిక్కులు. ఆమెకు ఇది గర్వించవలసిన సంగతి. అన్ని జాతుల కార్మికుల నాయకుడిలో అన్ని జాతుల రక్తం ఉండటం కంటే గొప్పేముంది అనుకుంది.

1938 ఆగస్టు 5న పొలిట్‌బ్యూరో తీర్మానం చేసింది. ఈ నవల రాజకీయంగా హానికరం, సైద్ధాంతికంగా శత్రుపూరితం అని తేల్చింది. పత్రిక సంపాదకుణ్ని తప్పుపట్టింది. క్రుప్‌స్కయాను కూడా వదల్లేదు. లెనిన్ గురించి రాయించడం మొత్తం పార్టీ పని, దాన్ని ఆమె కేంద్ర కమిటీకి చెప్పకుండా సొంత కుటుంబ వ్యవహారంగా మార్చేసిందని మందలించింది. లెనిన్‌తో పాతికేళ్లకు పైగా కాపురం చేసిన ఆడమనిషికి లెనిన్ గురించి మాట్లాడే హక్కు లేదని ఆ మాటకు అర్థం. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె చనిపోయింది. ఇకపై కేంద్ర కమిటీ అనుమతి లేకుండా లెనిన్ మీద ఏ పుస్తకమూ రాకూడదన్నారు.

అసలు కోపం ఎక్కడుందో రచయితల సంఘం తన తీర్మానంలో బయటపెట్టింది. రష్యన్ ప్రజలు కన్న మేధావి అయిన లెనిన్ జాతి రూపాన్ని షగిన్యాన్ వక్రీకరించిందని అందులో రాశారు. అప్పటికి సోవియట్ రాజ్యం అంతర్జాతీయ నినాదాల నుంచి రష్యన్ జాతి గొప్పతనం వైపు మళ్లింది. అలాంటి సమయంలో చర్చి రిజిస్టర్లో ఉన్న పేరు దేశద్రోహంతో సమానమైపోయింది. ఆమెను మందలించారు, పుస్తకాన్ని పాతిపెట్టారు. ప్రాణం మాత్రం దక్కింది.

తర్వాతి పదిహేనేళ్లు త్వరగా దాటేస్తాను, ఎందుకంటే ఆ కాలంలో ఆమె రాసినవి చాలావరకు కాలం అడిగినవే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యూరల్ ఫ్యాక్టరీల నుంచి 'ప్రావ్దా'కు వార్తలు పంపింది, పార్టీలో చేరింది. షెవ్‌చెంకో మీద పరిశోధనకు డాక్టరేట్ వచ్చింది. 'సోవియట్ అర్మేనియా యాత్ర'కు 1951లో స్టాలిన్ బహుమతి వచ్చింది. ఊళ్లు, రాళ్లు, ద్రాక్షతోటలు, పాత గుళ్ల గురించి ఆమె చెప్పిన చోట్ల ఆ పుస్తకం ఇప్పటికీ బావుంటుంది. చరెన్త్స్‌ను, బకున్త్స్‌ను మింగిన చీకటి ఊసు మాత్రం అందులో వెతికినా దొరకదు. ఇది ఆమె మీద నిలిచిపోయే మచ్చ. బతకడానికి అంతకంటే వేరే దారి ఉందా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా మచ్చ మచ్చే.

1956లో స్టాలిన్ తప్పులు బయటపడ్డాక కేంద్ర కమిటీ పాత తీర్మానాన్ని రద్దుచేసింది. మరుసటి ఏడాది నవల మళ్లీ వచ్చింది. ఆమెకు అప్పటికి 70 దగ్గరపడుతున్నాయి. అక్కడితో ఆగితే సుఖంగా ఉండేది. ఆగలేదు, లెనిన్ తల్లి వైపు వంశం పట్టుకుంది.

1965లో లెనిన్‌గ్రాద్ ఆర్కైవ్‌లో కొన్ని పత్రాలు బయటపడ్డాయి. లెనిన్ తల్లికి తండ్రి అయిన డాక్టర్ అలెగ్జాందర్ బ్లాంక్ యూదు కుటుంబంలో పుట్టి, 1820లో క్రైస్తవం పుచ్చుకున్నాడని వాటిలో ఉంది. ఆ సంగతి షగిన్యాన్ చేతికీ వచ్చింది. అచ్చు వేయడానికి వీల్లేదన్నారు. పత్రాలను ఆర్కైవ్ కట్టల్లోంచి తీయించేశారు, వాటిని చూపించినవాళ్లకు ఉద్యోగాల్లో కష్టాలొచ్చాయి. నిజానికి పైవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. లెనిన్ అక్క ఆన్నా 1932లోనే స్టాలిన్‌కు ఉత్తరం రాసి, తాత యూదుడని తేలింది, యూదు ద్వేషాన్ని ఎదుర్కోవడానికి ఇది పనికొస్తుంది, ప్రకటించండి అని కోరింది. నోరు మూసుకోమన్నదే ఆమెకొచ్చిన జవాబు. ఇవన్నీ జనానికి తెలిసింది 1990ల మొదట్లోనే.

లెనిన్‌ను ఎవరు ఎంత పొగిడినా అభ్యంతరం లేని దేశంలో, ఒక ముసలామె రెండుసార్లు కాగితం చూపించి, రెండుసార్లు నోరు మూయించుకుంది. రెండోసారి ఆమె ఎదురు తిరగలేదు. 1972లో నాలుగు పుస్తకాలు కలిపి 'ఉల్యానొవ్ కుటుంబం' పేరుతో ఆమెకు లెనిన్ బహుమతి ఇచ్చారు. బ్లాంక్ గురించి దొరికిన ఆ సంగతి అందులో లేదు. 1872 మాస్కో సాంకేతిక ప్రదర్శన నేపథ్యంగా ఇల్యా ఉల్యానొవ్ కథ చెప్పిన 'మొదటి అఖిల రష్యా ప్రదర్శన' ఆ నాలుగింటిలో ప్రాణమున్న పుస్తకం. ఒక బడి తనిఖీ అధికారి కొత్త యంత్రాల ముందు ఎలా కళ్లప్పగించాడో రాస్తున్నప్పుడు ఆమెలో పాత మారియెత్తా మళ్లీ కనిపిస్తుంది. చివరిదైన 'లెనిన్ దగ్గర నాలుగు పాఠాలు' పూజా పుస్తకం, అంతకు మించి చెప్పను.

ముసలితనంలో ఆమె చెవికి యంత్రం పెట్టుకునేది. సభల్లో ఉపన్యాసం నచ్చకపోతే దాన్ని ఆపేసి కూర్చునేదని తోటి రచయితలు చెప్పుకునేవారు. చూపు పోతున్నా 'మనిషి – కాలం' అనే ఆత్మకథ పూర్తిచేసింది. గిప్పియస్, రఖ్మానినోవ్, సంగీత ప్రపంచానికి చెందిన మెద్‌త్నేర్ సోదరులు, పాత నఖిచెవాన్ అందరూ ఆ పుస్తకంలో తిరిగొచ్చారు. 1970ల మాస్కోలో, గిప్పియస్ పేరెత్తడమే ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, ఆమెను ప్రేమగా తలచుకోవడం చిన్న సాహసం కాదు. 1976లో సోషలిస్టు శ్రమ వీర బిరుదు ఇచ్చారు. 1982 మార్చి 20న, 94వ పుట్టినరోజుకు రెండు వారాల ముందు, మాస్కోలో కన్నుమూసింది. అక్కడి అర్మేనియన్ శ్మశానంలోనే సమాధి చేశారు.

గోర్కీ 'అమ్మ'ను, విశాలాంధ్ర అచ్చువేసిన సోవియట్ పుస్తకాలను చదివి పెరిగిన తెలుగు పాఠకులకు, అధికారం దగ్గర బహుమతులందుకున్న రచయితలంతా ఒకే రకమని అనిపించడం సహజం. షగిన్యాన్ అలా ఒక గంపలో పడేసే మనిషి కాదు. ఆమె రాజ్యాన్ని నమ్మింది, రాజ్యానికి వంగింది కూడా. కానీ రిజిస్టర్లో ఉన్న పేరును చెరిపి వేరే పేరు తాను రాయలేదు. చెప్పనివ్వనప్పుడు మౌనంగా ఉంది, అబద్ధం మాత్రం చెప్పలేదు. ఆమె రాసినవాటిలో 'మెస్-మెండ్', రఖ్మానినోవ్ ఉత్తరాలు, 'మనిషి – కాలం', ఈ మూడూ నిలుస్తాయి. మిగిలినవి చరిత్ర విద్యార్థులకే. ఆ మూడింటిలో మొదటిది ఇంగ్లీషులోనూ దొరుకుతుంది, కాబట్టి అక్కడ మొదలుపెట్టండి.

(వచ్చే వారం: తిబ్లిసీ అర్మేనియన్ తల్లికి పుట్టి, లెనిన్‌గ్రాద్‌లో అచ్చుకు నోచుకోక న్యూయార్క్ చేరిన సెర్గేయ్ దొవ్లాతొవ్)